చైనాలో కోర్సు పాసైనా డిగ్రీ రాకపోవడం నిజమే: ఒక ఇంగ్లిష్ పరీక్షతో నా అనుభవం

మీరు అడిగినవి రెండు. సుజౌ ఆఫీసులో మీతో పనిచేసే చైనా కుర్రాడు ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదువుతున్నాడు. వచ్చే ఏడాది కోర్సు అయిపోతుందని, పాసైనట్టు సర్టిఫికెట్ వస్తుందని అంటూనే, ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కకపోతే డిగ్రీ మాత్రం రాదంటున్నాడు. ఇదెలా కుదురుతుంది అన్నది మొదటి ప్రశ్న. నాలుగు నెలల్లో తనకు ఇంగ్లిష్ నేర్పమని మిమ్మల్ని పట్టుకున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది రెండోది.

అతను అబద్ధం చెప్పడం లేదు. నేను 2013 నుంచి 2018 దాకా బీజింగ్‌లో, వాంగ్‌జింగ్ అనే పేటలో ఉద్యోగం చేశాను. సరిగ్గా ఇదే పరీక్షకు మా ఆఫీసు అకౌంట్స్‌లో ఉండే ఒకావిడను ఒక చలికాలమంతా కూర్చోబెట్టి చదివించాను. ఆవిడను ఆఫీసులో అందరూ 'జియె' అనేవాళ్లు, అంటే అక్క. నేనూ అలాగే పిలిచేవాణ్ని. పాఠాలు మొదలైన రోజు నుంచి ఆవిడ మాత్రం నన్ను 'లావ్‌షీ' అనడం మొదలుపెట్టింది, అంటే మాస్టారూ అని. నాకంటే ఆరేళ్లు పెద్దావిడ అలా పిలుస్తుంటే మొదట్లో ఇబ్బందిగా ఉండేది.

ముందు ఆ రెండు సర్టిఫికెట్ల సంగతి. మన దగ్గర ఓపెన్ యూనివర్సిటీలో గానీ, ప్రైవేటుగా కట్టి గానీ డిగ్రీ చదివితే ఇంగ్లిష్ కూడా అందులో ఒక పేపరు. పోతే సప్లిమెంటరీ రాస్తాం, అన్ని పేపర్లూ అయ్యాక పట్టా వస్తుంది. చదువు పూర్తి కావడం, డిగ్రీ రావడం మన లెక్కలో ఒకటే. చైనాలో ఇవి రెండు వేర్వేరు కాగితాలు. కోర్సు పూర్తి చేసినందుకు ఇచ్చేది 'బీయెజెంగ్'. బ్యాచిలర్ అనే హోదా ఇచ్చేది 'ష్యుయెవెయ్‌జెంగ్'. రెగ్యులర్ కాలేజీలో చదివినవాళ్లకు రెండూ మామూలుగా కలిసే వస్తాయి కాబట్టి తేడా పెద్దగా తెలియదు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు మాత్రం రెండో కాగితానికి వేరే షరతులు ఉంటాయి. సగటు మార్కులు ఇంత రావాలి, ప్రాజెక్టు రిపోర్టుకు ఈ గ్రేడు రావాలి, అన్నిటికీ మించి, చాలాచోట్ల విదేశీ భాష పరీక్ష పాస్ కావాలి. విదేశీ భాష అని రాసినా దాదాపు అందరూ రాసేది ఇంగ్లిషే.

ఇలా చదివినవాళ్లకు కూడా బ్యాచిలర్ డిగ్రీ ఇవ్వొచ్చని చైనా ప్రభుత్వం 1988లో తాత్కాలిక నిబంధనలు తెచ్చింది. బీజింగ్‌లో అయితే వేర్వేరు యూనివర్సిటీల్లో ఇలా చదివేవాళ్లందరికీ 1990ల నుంచే ఒక ఉమ్మడి ఇంగ్లిష్ పరీక్ష ఉంది. ఏడాదికి రెండుసార్లు పెట్టేవాళ్లు. మిగతా ప్రావిన్సులు తమ తమ పద్ధతిలో నడుపుకుంటాయి. కొన్నిచోట్ల ప్రావిన్సు పరీక్ష, కొన్నిచోట్ల యూనివర్సిటీ సొంత పరీక్ష. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త డిగ్రీల చట్టం కూడా డిగ్రీకి కావాల్సిన ప్రమాణాలను వివరంగా రాసుకుని ప్రకటించే పని యూనివర్సిటీలకే అప్పగించింది. కాబట్టి మీ కుర్రాడు మొట్టమొదట చేయాల్సిన పని, తన యూనివర్సిటీ ఈ ఏడాది ఇచ్చిన నోటీసు తెచ్చి మీ ముందు పెట్టడం. కింద నేను చెప్పే పేపరు బీజింగ్‌ది, అదీ మేము చూసిన 2016, 2017 నాటిది. అతనిది వేరేలా ఉండొచ్చు.

'కాలేజీ పిల్లలు రాసే సీఈటీ ఫోర్ ఉంది కదా, అది రాస్తే సరిపోదా' అని ఎవరో కింద అడిగారు. అది రెగ్యులర్ కాలేజీ విద్యార్థుల కోసం దేశమంతా పెట్టే ఇంగ్లిష్ పరీక్ష, 1987 నుంచి ఉంది, 710 మార్కుల స్కేలు, పేరున్నదే. కానీ 2007 నుంచి రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లే విద్యార్థులనే రాయనిస్తున్నారు. పగలు ఉద్యోగం చేసి రాత్రి చదువుకునేవాళ్లకు ఆ తలుపు మూసినట్టే. దూరవిద్యలో కూడా కాకుండా సొంతంగా చదివి ఒక్కో పేపరూ రాసుకునే పద్ధతి ఒకటి 1981 నుంచి ఉంది. అందులో ఇంగ్లిష్ పేపరు పెద్ద గండం. కొన్ని ప్రావిన్సుల్లో వయసు దాటినవాళ్లు దాని బదులు వేరే పేపర్లు రాసి కోర్సు ముగించేయొచ్చు, కానీ అప్పుడు డిగ్రీ మీద ఆశ వదులుకోవాలి. ఎటు తిప్పినా కథ అక్కడికే వస్తుంది.

ఇక ఆ రెండో కాగితం కోసం అంత ఆరాటం ఎందుకంటారా? మా జియె ఊరు బావోదింగ్, హెబెయ్ ప్రావిన్సు. బీజింగ్‌లో పదేళ్లకు పైగా పని చేస్తోంది, పన్నులు కడుతోంది, కూతురు అక్కడే పుట్టింది. కానీ కుటుంబానికి బీజింగ్ 'హుకోవ్' లేదు. హుకోవ్ అంటే రేషన్ కార్డు, లోకల్ సర్టిఫికెట్, ఇంకా చాలా కలిపిన ఒక ముద్ర అనుకోండి. అది లేకపోతే పిల్ల యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష 'గావోకావ్' బీజింగ్‌లో రాయలేదు, సొంత ప్రావిన్సుకు వెళ్లి రాయాలి. హెబెయ్‌లో పోటీ ఎలా ఉంటుందో అక్కడివాళ్లను అడగండి, మన ఎంసెట్ కబుర్లు చిన్నవైపోతాయి.

2016లో బీజింగ్ పాయింట్ల పద్ధతి ప్రకటించింది. పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లకు హుకోవ్ ఇస్తామంది. మూడేళ్ల డిప్లొమా లాంటి చదువుకు 10.5 పాయింట్లు. బ్యాచిలర్‌కు 15, అయితే రూలులో మాట చూడండి: కోర్సు పూర్తి చేసి, 'డిగ్రీ కూడా పొందినవాళ్లకు'. అంటే మొదటి కాగితం ఒక్కటే ఉంటే ఆ 15 రావు. తేడా నాలుగున్నర పాయింట్లు. ఒక ఏడాది ఉద్యోగానికి ఇచ్చేది 3 పాయింట్లు. అంటే ఆ ఇంగ్లిష్ పరీక్ష ఖరీదు ఆవిడకు ఏడాదిన్నర ఉద్యోగం. ఈ లెక్క ఆవిడే క్యాంటీన్‌లో టిష్యూ పేపరు మీద వేసి నాకు చూపించింది. అకౌంటెంట్ కదా.

అప్పటికే ఒకసారి రాసి ఫెయిలైంది. 2016 చివర్లో రాస్తే 54 వచ్చాయి. వందకు 60 కావాలి. ఆవిడ కోర్సు 2017 మధ్యలో అయిపోతుంది, ఆ తర్వాత రాయడానికి ఆవిడ యూనివర్సిటీ ఒప్పుకోదు. మిగిలింది ఒక్క అవకాశం.

ఆవిడ ఇంగ్లిష్ నోటుబుక్కు మొదటిసారి తెరిచినప్పుడు నాకు నవ్వు, దిగులు రెండూ వచ్చాయి. ప్రతి ఇంగ్లిష్ మాట కింద ఉచ్చారణ కోసం చైనీస్ అక్షరాలు రాసుకుంది. థాంక్యూ కింద మూడు అక్షరాలు: 'సాన్ కె యోవ్'. అర్థం చెప్పమంటే 'మూడు గ్రాముల నూనె' అంది. ఇది అక్కడ తరతరాలుగా బడిపిల్లలు చేసే పనేనట. నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. మాకు ఏబీసీడీలు ఆరో తరగతిలో మొదలైతే, ఇంగ్లిష్ వాచకంలో ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో తెలుగులో రాసుకుని చదివేవాళ్లం. ఆవిడకూ హైస్కూలుకు వచ్చాకే ఇంగ్లిష్ మొదలైంది. ఇద్దరం ఒకే బాపతు.

పదాల పుస్తకం ఒకటి ఉండేది. అక్షరక్రమంలో మొదటి మాట 'ఎబాండన్', అంటే వదిలేయడం. చైనాలో ఇదొక పాత జోకు: పుస్తకం తెరవగానే వదిలేయమని చెబుతుంది, అందరూ చెప్పినట్టే చేస్తారు. ఆవిడ పుస్తకంలో కూడా మొదటి నాలుగు పేజీలు నలిగి నల్లబడి ఉన్నాయి, మిగతాది కొత్తగా మెరుస్తోంది. మూడుసార్లు మొదలుపెట్టిందట, మూడుసార్లూ ఏ దగ్గరే ఆగిపోయింది.

నేను చేసిన మొదటి తప్పు చెబుతాను, మీరు చేయకండి. రెండు వారాలు ఆవిడతో ఇంగ్లిష్‌లో మాట్లాడించాలని చూశాను. నీ పేరేమిటి, నిన్న ఏం తిన్నావు, ఇదే వరస. ఆవిడ చెమటలు పట్టి, ఓపిగ్గా అన్నీ చెప్పి, చివరికి మెల్లగా అడిగింది: 'లావ్‌షీ, ఈ పరీక్షలో మాట్లాడేది ఏమీ లేదు కదా?' నిజమే. మాట్లాడేది లేదు, వినేది కూడా లేదు. అంతా రాతే. ఆ రాత్రి ఇంటికెళ్లి మొదటిసారి పాత పేపరు పూర్తిగా చూశాను. అది మొదటి రోజే చూడాల్సింది.

పేపరు ఇలా ఉండేది. రెండు గంటలు, వంద మార్కులు. మూడు పాఠాలు చదివి 15 ప్రశ్నలకు జవాబివ్వాలి, ఒక్కోటి 2 మార్కులు, మొత్తం 30. పదాలు, వ్యాకరణం మీద 30 బిట్లు, ఒక్కోటి ఒక మార్కు. వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టుకునేవి 10. ఒక పెద్ద పేరాలో 20 ఖాళీలు, ఒక్కోటి అర మార్కు, మొత్తం 10. చివర అనువాదం 20 మార్కులు: ఇంగ్లిష్ నుంచి చైనీస్‌లోకి ఐదు వాక్యాలు, చైనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి ఐదు. ఇంగ్లిష్ నుంచి చైనీస్‌లోకి చేయమనే ఐదూ పైన చదివిన పాఠాల్లో గీత గీసి ఇచ్చినవే.

ఆవిడను కూర్చోబెట్టి, ఫోన్‌లో టైమర్ పెట్టి, ఒక పాత పేపరు రాయించాను. ఏం జరిగిందో చూడండి. 20 ఖాళీల పేరా మీద ముప్పై నిమిషాలు కూర్చుంది. పది మార్కుల కోసం పావు వంతు టైము! అనువాదానికి వచ్చేసరికి ఎనిమిది నిమిషాలే మిగిలాయి, సగం వాక్యాలు వదిలేసింది. ఇంగ్లిష్ నుంచి సొంత భాషలోకి రాసే పది మార్కులు ఆవిడకు అమ్మ చేతి ముద్ద లాంటివి. పాఠం ఎలాగూ చదివి ఉంది, అర్థం తెలుసు, రాయడమే తరువాయి. అసలు పరీక్షలో కూడా ఇలాగే చేశావా అంటే, 'అంతే, చివరికి టైము ఉండదు' అంది. ఆ 54లో పోయిన ఆరు మార్కులు ఎక్కడ పోయాయో నాకు అక్కడే దొరికాయి.

వరస మార్చాం. ముందు పాఠాలు, పాఠం అయిన వెంటనే అందులో గీత గీసిన వాక్యాల అనువాదం, తర్వాత బిట్లు, తర్వాత చైనీస్ నుంచి ఇంగ్లిష్, తప్పులు పట్టేవి. ఖాళీల పేరా అన్నిటికంటే చివర, పది నిమిషాలు మించకూడదు. తెలియకపోతే ఏదో ఒకటి దిద్దేయడమే, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క మాట కూడా కొత్తగా నేర్చుకోకుండా, ఈ వరస మార్పుతోనే తర్వాతి ప్రాక్టీసు పేపరుకు 61 వచ్చాయి. మాస్టారు గొప్పోడని ఆవిడ మంచి టీ ఒకటి కొనిపెట్టింది.

వ్యాకరణంలో మీరు తెలుగువాళ్లు కావడం కొంత పనికొస్తుంది, కొంత పనికిరాదు. చైనీస్‌లో క్రియ మారదు. నిన్న వెళ్లు, ఇవాళ వెళ్లు, రేపు వెళ్లు అన్నట్టు ఉంటుంది. మనకు వెళ్లాను, వెళ్తున్నాను, వెళ్తాను అని నాలుకకు అలవాటు కాబట్టి టెన్సుల్లో వాళ్లకు ఏది కష్టమో మొదట అర్థం కాదు, విసుక్కుంటాం. విసుక్కోకండి. 'హి వెంట్'కీ 'హి హాజ్ గాన్'కీ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు ఎక్కలేదు. ఒకరోజు విసిగిపోయి ఆవిడ ముందున్న లెడ్జరే చూపించాను. 'వెంట్' అంటే మూసేసిన పోయిన ఏడాది ఖాతా. 'హాజ్ గాన్' అంటే అప్పటి లెక్కే, కానీ ఈ ఏడాది ఓపెనింగ్ బ్యాలెన్సులో ఇంకా కనిపిస్తోంది. ఒక్క నిమిషం లెడ్జర్ వైపే చూసి, 'క్యారీ ఫార్వర్డ్' అంది. ఆ తర్వాత ఆ బిట్టు ఎప్పుడూ తప్పు పెట్టలేదు. మీ కుర్రాడు ఏం పని చేస్తాడో చూసి అందులోంచి ఉదాహరణ వెతకండి.

'ఎ', 'ది' ఎక్కడ పెట్టాలో మాత్రం నన్ను అడక్కండి. చైనీస్‌లో అవి లేవు, తెలుగులోనూ లేవు. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టే అయింది. వచ్చినన్ని వచ్చాయి.

తప్పులు పట్టే బిట్లలో పదే పదే వచ్చేది ఒకటుంది, గుర్తుపెట్టుకోండి. చైనీస్‌లో 'అయినప్పటికీ' అని మొదలుపెడితే తర్వాత ముక్కలో మామూలుగా 'కానీ' కూడా వస్తుంది: 'స్వేయ్‌రాన్' అంటే వెనకే 'దాన్‌ష్'. 'ఎందుకంటే', 'కాబట్టి' కూడా అంతే, తరచుగా జంటగా వస్తాయి. ఇంగ్లిష్‌లో 'ఆల్దో' పెడితే 'బట్' పెట్టకూడదు, 'బికాజ్' పెడితే 'సో' పెట్టకూడదు. పేపరు పెట్టేవాళ్లకు ఈ బలహీనత తెలుసు, అక్కడే గొయ్యి తవ్వుతారు. ఆవిడకు ఇది చెప్తూ మా భాషలో ఇలా ఉండదని గొప్పగా అన్నాను. ఆ సాయంత్రం మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ 'అయినా కానీ' అని నేనే అన్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వుకున్నాను.

అలాగే ప్రతి పేపర్లోనూ ముఖం చూపించే పాత చుట్టాలు కొన్ని ఉంటాయి. 'ఇటీజ్ హై టైమ్' వస్తే వెనక క్రియ భూతకాలంలో పెట్టాలి. 'సజెస్ట్' తర్వాత వచ్చే వాక్యంలో క్రియ ఏమీ తగిలించకుండా ఉండాలి. 'హార్డ్‌లీ' ఉంటే 'వెన్', 'నో సూనర్' ఉంటే 'దాన్'. ఇంగ్లండులో ఇప్పుడు వీటిని రోజూ ఎంతమంది వాడతారో గానీ ఈ పరీక్షలో మాత్రం తప్పవు. ఇలాంటివి ఒక నలభై ఏరి, ఒక్కోదానికి ఒక వాక్యం రాసి ఇచ్చాను. 2017 జనవరి చివర్లో వాళ్ల కొత్త సంవత్సరం పండక్కి బావోదింగ్ వెళ్తూ ఆ కాగితాలు రైల్లో పట్టుకెళ్లింది. పండగ అయి తిరిగొచ్చేసరికి కాగితాల మీద నూనె మరకలు, మోమోల్లాంటి వాళ్ల 'జియావ్‌జ' చేసిన పిండి. వాక్యాలు మాత్రం అన్నీ నోటికి వచ్చేశాయి.

మధ్యలో ఒక కుదుపు. ఒక కోచింగ్ సంస్థ వాళ్లు ఆవిడకు ఫోన్ చేసి 'బావ్‌గ్వో', అంటే గ్యారంటీగా పాస్, అని నాలుగు నెలల జీతంలో పెద్ద ముక్క అడిగారు. ఎలా పాస్ చేయిస్తారంటే మాత్రం చెప్పరు. ఆవిడ డబ్బు కట్టబోయి నన్ను అడిగింది. చెప్పలేని పద్ధతి ఏమై ఉంటుందో నీకూ తెలుసు కదా అన్నాను. దొరికితే మార్కులు రద్దు, పైగా ఆవిడకు అదే చివరి అవకాశం. కట్టలేదు. మీ కుర్రాడికీ ఇలాంటి ఫోన్లు వస్తాయి, ముందే చెప్పి ఉంచండి.

పరీక్షలో 66 వచ్చాయి. రిజల్ట్ చూసిన రోజు ఆవిడ తన సీట్లోంచి లేచి అకౌంట్స్ గది నుంచి మా ఫ్లోరు దాకా నడిచొచ్చి, ఏమీ అనకుండా ఫోన్ నా ముందు పెట్టింది.

ఆ తర్వాతది కూడా చెప్పాలి, లేకపోతే సినిమా కథలా ఉంటుంది. 2018లో పాయింట్ల పద్ధతిలో మొదటి జాబితా వచ్చింది. 6,019 మందికి ఇచ్చారు, గీత 90.75 దగ్గర గీశారు. అందులో ఆవిడ పేరు లేదు. నేను తిరిగి వచ్చేసేనాటికి ఇంకా లైన్లోనే ఉంది. ఇంగ్లిష్ మాట్లాడటం కూడా ఏమీ రాలేదు. మా సింగపూర్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే నా వైపే చూసేది. కానీ ఇన్వాయిస్ మీద ఇంగ్లిష్‌లో వచ్చే మెయిళ్లు మాత్రం ఎవరినీ అడగకుండా చదివేసేది. అంతకుముందు ప్రతిదీ అనువాదం యాప్‌లో వేసేది. ఆ పరీక్ష కొలిచేది ఏమిటయ్యా అంటే అదే: చదివి అర్థం చేసుకోవడం, అందులోనూ ఒక రకం ఇంగ్లిష్. కాబట్టి అతనితో కబుర్లాడి ఇంగ్లిష్ నేర్పుదామనుకుంటే అది పరీక్ష అయ్యాక పెట్టుకోండి.

మీ నాలుగు నెలలకు నేనైతే ఇలా చేస్తాను. మొదటి వారంలో నోటీసు, సిలబస్, దొరికినన్ని పాత పేపర్లు. ఒక పేపరు టైము పెట్టి రాయించి, ఏ భాగానికి ఎన్ని నిమిషాలు పోయాయో మీరే పక్కన కూర్చుని రాసుకోండి. మార్కులకంటే ఆ నిమిషాల లెక్క ఎక్కువ చెబుతుంది. తర్వాత రెండు నెలలు రోజుకు ఒక పాఠం, దాన్ని చైనీస్‌లోకి రాయడం. అది దిద్దడానికి మీకు చైనీస్ రాకపోతే అతని భార్యకో స్నేహితుడికో అప్పగించండి. పదాలు ఏ నుంచి మొదలుపెట్టనివ్వకండి, పాత పేపర్లలో కనిపించిన మాటలే రాసుకోమనండి. చివరి నెల వారానికి రెండు పూర్తి పేపర్లు, అదీ అసలు పరీక్ష జరిగే వేళకే. మా జియె రాత్రి పదింటికి రాసిన పేపర్లకు, ఆదివారం పొద్దున రాసిన పేపర్లకు ఐదారు మార్కుల తేడా ఉండేది.

అతనికి ఇంకా ఎన్నిసార్లు రాసే వీలుందో, కోర్సు అయ్యాక కూడా యూనివర్సిటీ రాయనిస్తుందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. దాన్నిబట్టి తొందర ఎంతో తెలుస్తుంది. ఆ నలభై వాక్యాల కాగితం ఫొటో నా దగ్గర ఉంది, నూనె మరకలతో సహా. కావాలంటే పెడతాను.